పేరులేనాయన చప్పట్లు

రోకాస్పినా
10 అక్టోబరు 1988

బావమరిది సవేరియోకి,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. కొండగాలికి మీ అక్క ఇమ్మాకి దగ్గు పట్టుకుంది. నన్ను తిట్టేటప్పుడు మాత్రం ఆ దగ్గు అడ్డం రావడం లేదు కాబట్టి మీరెవరూ కంగారు పడనక్కర్లేదు. సెలూన్‌కి చోటు దొరికింది. చర్చి మెట్లకి ఎదురుగా రెండు కుర్చీలు, ఒక అద్దం.

నీ ఉత్తరం అందింది. కవరు మీద 'ఇమ్మాకొలాతా గారి భర్తకి' అని రాశావు. పోస్ట్‌మాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏవండీ, మీవాళ్ళు మీకు పేరు పెట్టలేదా?" అన్నాడు. ఏం చెప్పను? మా పోర్తోసాల్వోలో నా పేరు పలికితే పడవలు మునుగుతాయని చెప్పనా?

అసలు ఇదంతా ఎక్కడ మొదలైందో నువ్వు మరిచిపోయినట్టున్నావు. రెండేళ్ళ కింద ఆ ఆదివారం ఫుట్‌బాల్ ఆటలో నేను లేచి చప్పట్లు కొట్టాను, అదే క్షణంలో మన గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారి గోల్లోకి పోయింది. వాడికి బంతి మీద కంటే జుట్టు మీద శ్రద్ధ ఎక్కువ. నూనె రాసుకున్న తల తడుముకుని అదే చేత్తో బంతి పట్టాడు, జారదూ మరి? కానీ నువ్వు బెంచీ ఎక్కి, చేపల వేలంపాట పాడే ఆ గొంతుతో, "మా బావ చప్పట్లు కొట్టాడర్రోయ్, కీడు తగలకుండా ఇనుము పట్టుకోండి!" అని అరిచావు. గ్యాలరీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. పై ఆదివారం కూడా ఓడిపోయాం. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నన్ను చూడగానే చేతులు జేబుల్లోకి పోయి తాళంచెవులు వెతుక్కోవడం మొదలెట్టాయి. పేరు పలికినా కీడేనని పలకడం మానేశారు. 'పేరులేనాయన' అన్నారు. గొంతు మీద కత్తి పెట్టే పని నాది. అలాంటి పేరు పడ్డవాడి దగ్గర గడ్డం గీయించుకోవడానికి ఎవడొస్తాడయ్యా?

ఫోన్ చేస్తే మీ అమ్మగారు నా గొంతు వినగానే పెట్టేస్తున్నారు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. నాకు కావాల్సింది ఒక్కటే. ఆ గ్యాలరీలో, అందరి ముందు, నీ నోటితో నా పేరు పలుకు. అది మొదట నువ్వు సరదాకి అన్న మాటేనని చెప్పు. క్రిస్మస్‌కి మా అత్తగారింట్లో అందరితోపాటు కూర్చుని తినాలని ఉంది.

ఇక్కడి స్టేడియం చూశాను, బయటి నుంచే. చెప్పడానికి మనసొప్పదు గానీ మనదానికంటే బాగుంది. మనకు మల్లే గ్రౌండు చుట్టూ పరుగుపందేల దారి లేదు. గోల్‌కీపర్ తిట్టే తిట్లు అక్షరం పొల్లుపోకుండా వినపడతాయట.

నీ బావ,
ఎర్మీనియో

---

పోర్తోసాల్వో
21 అక్టోబరు 1988

బావా,

ఎడమచేత్తో తాళంచెవి పట్టుకుని కుడిచేత్తో రాస్తున్నాను. కాగితాన్ని నొక్కిపట్టేందుకు మూడో చెయ్యి లేదు, అందుకని అక్షరాలు వంకరపోతున్నాయి. కోప్పడకు, నా మట్టుకు నాకు నమ్మకం లేదు, అమ్మ కోసం పట్టుకున్నాను.

స్టేడియం సంగతి ఎత్తావు కాబట్టి అది ముందు తేల్చుకుందాం. రోకాస్పినా వాళ్ళదీ ఒక స్టేడియమేనా? కొండ మీద దొడ్డికి గోడ కట్టి గోల్‌పోస్టులు పాతారు. గ్యాలరీలో కూర్చుంటే మనకి సముద్రం కనబడుతుంది, ఆట బాలేనప్పుడు కనీసం ఓడలు చూసుకోవచ్చు. వాళ్ళకి ఏం కనబడుతుంది, ఎదుటి కొండ మీద మేకలు!

ఇక నువ్వడిగింది. బావా, నాకు అభ్యంతరమా? నేనేదో సరదాకి ఒక్క మాటన్నాను, దాన్ని ఊరంతా పట్టుకుంటే నేనేం చేస్తాను? పోయిన ఆదివారం గ్యాలరీలో నా పక్కన కూర్చునే తూరీ నోరుజారి నీ పేరు పలికాడు. అరగంటలో మన సెంటర్ ఫార్వర్డ్ కాలు బెణికింది. తూరీని గ్యాలరీలోంచి దించేశారు పాపం. ఇప్పుడు నేను బెంచీ ఎక్కి నీ పేరు అరిస్తే నన్ను ఓడరేవులో పారేస్తారు.

కానీ నీకోసం ఒక ఉపాయం పట్టాను. గ్యాలరీ వాళ్ళందరితో మాట్లాడే రాస్తున్నాను. ఈ ఏడాది లీగ్ పట్టికలో పైన ఉన్నది ఎవరు? మీ రోకాస్పినా. వాళ్ళ వెనకే మనం. పై డివిజన్‌కి వెళ్ళేది ఒక్కరే. నువ్వేమో ఆ ఊళ్ళోనే ఉన్నావు. ప్రతి ఆదివారం పోయి వాళ్ళ గ్యాలరీలో, నట్టనడుమ కూర్చో. చప్పట్లు కొట్టు. అంతకంటే ఏమీ చెయ్యక్కర్లేదు. మనం పైకి వెళ్ళామా, నీ పేరు నేనొక్కణ్ణే కాదు, గ్యాలరీ మొత్తం పలుకుతుంది. మాట ఇచ్చారు.

అమ్మ ఎండు టమాటాలు పంపింది. అక్క దగ్గుకి తేనె తాగమను.

సవేరియో

---

రోకాస్పినా
7 నవంబరు 1988

సవేరియో,

నీ ఉత్తరం చదివి రెండుసార్లు నలిపి పారేశాను. రెండుసార్లూ ఇమ్మా తీసి ఇస్త్రీ చేసి బల్ల మీద పెట్టింది. "వెళ్తే ఏం పోతుంది? ఆటైనా చూస్తావుగా. రెండేళ్ళయింది గ్యాలరీ ఎక్కి," అంది. ఆ మాటకి లొంగిపోయాను. నా మీద వేసిన నిందని నా చేతే సంచీలో పెట్టి ఎదుటివాడి ఇంటికి మోయిస్తున్నారు మీరు. అది తెలిసే వెళ్తున్నాను. మాట మరిచిపోకు, మనం పైకి వెళ్ళిన రోజున నా పేరు.

నిన్న వెళ్ళాను. నట్టనడుమ కూర్చున్నాను. చప్పట్లు కొట్టాను, దొంగచప్పట్లు, చేతులు తగిలీ తగలనట్టు. ఆఖరి నిమిషంలో పెనాల్టీ బయటికి కొట్టి ఓడిపోయారు. మీ గ్యాలరీకి శుభం.

వాళ్ళ తొమ్మిదో నంబరు కుర్రాడు మంచి ఆటగాడే. కానీ వెనక మెడ మీదికి గుర్రపు తోకలా జుట్టు వదిలాడు, టీవీలో పాటలు పాడేవాళ్ళని చూసి. తల ఎత్తినప్పుడల్లా అది కళ్ళలో పడుతోంది. ఆ జుట్టుతో బంతి ఎలా కనబడుతుంది? ఈ రోజుల్లో ఆటగాడెవడో పాటగాడెవడో పోల్చుకోలేకపోతున్నాం.

నా పక్కన దొనాతో అని రొట్టెల బట్టీ ఆయన కూర్చున్నాడు. విరామంలో వేయించిన మిరపకాయలు రొట్టెలో పెట్టి సగం తుంచి ఇచ్చాడు. "కొత్తగా వచ్చారా? పేరేంటన్నారు?" అని అడిగాడు. చెప్పాను. "ఎర్మీనియో! మా తాతది అదే పేరండీ!" అని ముందు వరుసల వాళ్ళకి కూడా వినిపించేలా అరిచాడు. రెండేళ్ళలో మీ అక్క తప్ప ఇంకొకరి నోట విన్నది అదే. పెనాల్టీ పోయినప్పుడు ఆయన ఏడ్చినంత పనిచేశాడు. ఆ రొట్టె నాకు సరిగా దిగలేదు.

ఎర్మీనియో

---

పోర్తోసాల్వో
29 నవంబరు 1988

బావా, బంగారు బావా!

ఓటమి, డ్రా, మళ్ళీ ఓటమి! మన వాళ్ళు నీ ఆరోగ్యానికి గ్లాసులెత్తారు. అంటే పేరు పలకలేదనుకో, 'పేరులేనాయన చల్లగా ఉండాలి' అన్నారు. తూరీ ఆనందంతో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రేడియోలో మీవాళ్ళ స్కోరు చెప్పినప్పుడల్లా ఇక్కడ మన గోలు కంటే పెద్ద కేక లేస్తోంది.

ఒకటి రెండు సూచనలున్నాయి. కొంచెం గోలుకి దగ్గరగా కూర్చో. తొమ్మిదో నంబరు వాడి దగ్గరికి బంతి వెళ్ళినప్పుడు ప్రత్యేకంగా చప్పట్లు కొట్టు. వీలైతే వాడికి షేక్‌హ్యాండ్ ఇవ్వు.

మన కొత్త సెంటర్ ఫార్వర్డ్ గురించి చెప్పాలి. ఉత్తరాది నుంచి తెచ్చారు, పేరు గొప్ప. శనివారం రాత్రి టీవీలో అమ్మాయిలు ఈకలు పెట్టుకుని ఆడే కార్యక్రమం తప్ప వాడికి ఇంకో ధ్యాస లేదు. ఆదివారం మైదానంలో కూడా ఆ నడకే. అయినా గోల్ కొడుతున్నాడు కాబట్టి వాడి అందచందాల గురించి మేం మాట్లాడం.

క్రిస్మస్ సంగతి. అమ్మ నిన్ను చూడాలని ఒకటే కలవరిస్తోంది. కాకపోతే ఆ పైన ఆదివారం మనకి సొంత గ్రౌండులో ఆట ఉంది. నువ్వు ఊళ్ళో అడుగుపెట్టావని తెలిస్తే బాగుండదు. ఇంత కష్టపడి నీ పని నువ్వు చేస్తున్నావు, దాన్ని పాడుచేసుకోవడం ఎందుకు? ఈసారికి అక్కని ఒక్కదాన్నే పంపు. నీ వాటా రొయ్యలు కట్టి ఇస్తాం.

సవేరియో

---

రోకాస్పినా
16 జనవరి 1989

సవేరియో,

రొయ్యలు దారిలోనే పాడయ్యాయి. వాటి గురించి ఇంక అడగొద్దు.

ఇమ్మా తిరిగివచ్చింది. మూడో రోజు నేను గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. నేను పంపిన శాలువాని మీ అమ్మగారు పటకారుతో పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి ఉప్పునీళ్ళలో నానబెట్టారట. కలవరించే అత్తగారు చేసే పనే అది! ఆ సంగతి నాకు తెలిసిందని నీకు తెలియాలని రాస్తున్నాను.

క్రిస్మస్‌కి నేను దొనాతో ఇంట్లో తిన్నాను. వాళ్ళావిడ నన్ను ఆ ఇంటి పెద్దాయన పక్కనే కూర్చోబెట్టింది. ఇంటిపేరుతో సహా పిలిచి మరీ వడ్డించింది.

సెలూన్ సంగతి చెప్పాలి. తొమ్మిదో నంబరు కుర్రాడిని నేనే కేకేసి పిలిచాను. "ఒరేయ్, రా ఇలా కూర్చో, ఆ తోక నాకు ఇచ్చెయ్," అన్నాను. ఏ కళనున్నాడో కూర్చున్నాడు. ముందు పొట్టిగా, చెవుల పక్కన శుభ్రంగా, పాతకాలం కత్తిరింపు. ఆ ఆదివారం రెండు గోల్స్ కొట్టాడు. ఇప్పుడు జట్టు జట్టంతా శనివారం సాయంత్రం నా కుర్చీల ముందు వరుస కడుతోంది. వరసగా గెలుస్తున్నారు. వాళ్ళ కోచ్‌కి బట్టతల, ఆయన కూడా వచ్చి కూర్చుంటున్నాడు, కత్తెర తలకి తగిలించి పంపమంటాడు.

ఇందులో నా తప్పేమీ లేదు. కూర్చోమన్నచోటే కూర్చుంటున్నాను, చప్పట్లు కొట్టమంటే కొడుతున్నాను.

ఎర్మీనియో

---

పోర్తోసాల్వో
30 జనవరి 1989

బావా,

నిన్న మన గ్రౌండులో, మన సముద్రం ముందు, మీవాళ్ళు మనల్ని రెండు గోల్స్‌తో కొట్టి వెళ్ళారు. రెండూ తొమ్మిదో నంబరువే. గోల్ కొట్టి మా గ్యాలరీ ముందుకొచ్చి తల నిమిరి చూపించాడు. నీ కత్తిరింపు! నేను గుర్తుపట్టలేనా? నా పెళ్ళికి నాకు చేసింది అదేగా!

గ్యాలరీలో అందరూ నా మొహం చూశారు. "మీ బావ అమ్ముడుపోయాడా?" అని తూరీ అడిగాడు, నీవల్ల గ్యాలరీలోంచి గెంటించుకున్న తూరీ! నా పరువు గంగలో కలిసింది.

రాత్రంతా ఆలోచించాం. చివరికి పడవలు కట్టే మన ముసలి మేస్త్రి చెప్పినదాంట్లో నిజం ఉందనిపించింది. నీ పాదం ఎవరి మీద పనిచేస్తుంది? నువ్వు మనసారా ప్రేమించేవాళ్ళ మీద. నువ్వు మొదట్నించీ పోర్తోసాల్వో మనిషివి కాబట్టి మనం ఓడిపోయాం. ఇప్పుడు అక్కడ కూర్చుని చేతులతో వాళ్ళకి చప్పట్లు కొడుతున్నావు గానీ లోపల 'పోర్తోసాల్వో, పోర్తోసాల్వో' అనుకుంటున్నావు. అందుకే తిరిగి మనకే తగులుతోంది. ఔనా కాదా?

కాబట్టి బావా, ఒక్క పని చెయ్యి. మనల్ని వదిలెయ్యి. నిజంగా, మనస్ఫూర్తిగా వాళ్ళని ప్రేమించు. వాళ్ళ రంగుల మఫ్లర్ కొనుక్కో. వాళ్ళు గెలవాలని కొవ్వొత్తి వెలిగించు. నీకు కష్టమే, నాకు తెలుసు. మన కోసం అనుకుని చెయ్యి.

సవేరియో

---

రోకాస్పినా
27 ఫిబ్రవరి 1989

సవేరియో,

జవాబు ఆలస్యం చేశాను. వారమంతా సాన్‌రేమో పాటల పండగ చూశాం, దొనాతో ఇంట్లో, పద్నాలుగుమంది ఒకే టీవీ ముందు. గెలిచిన పాట నాకు నచ్చలేదు. ఆఖరున వచ్చిన పాట బాగుంది, పాడినాయన ఎవరి వంకా చూడకుండా తనకోసం పాడుకున్నాడు. ఇలా అంటే అందరూ నామీద పడి అరిచారు. "ఎర్మీనియో, నీకు చెవుల్లో సబ్బు పోయింది!" అన్నారు. పేరు పెట్టి తిట్టించుకోవడంలో ఎంత సుఖముందో నీకు చెప్పినా తెలియదు.

వాళ్ళని ప్రేమించమన్నావు. నువ్విన్నాళ్ళలో నాకు చెప్పిన పనుల్లో తేలికైనది ఇదే. ఎప్పుడో మొదలైపోయింది. నవంబరులో దొంగచప్పట్లు కొట్టాను. డిసెంబరుకి నా చేతులు వాటంతటవే గట్టిగా కొట్టుకున్నాయి. మిమ్మల్ని మీ గ్రౌండులో కొట్టి వచ్చిన రోజున ఊరేగింపులో నేనూ నడిచాను. సిగ్గు పడాలేమోనని ఆగి చూసుకున్నాను. సిగ్గు రాలేదు.

ఇప్పుడు నేనడిగేది జాగ్రత్తగా చదువు. మన ఒప్పందం వదిలెయ్యి. నా పేరు గ్యాలరీలో పలకొద్దు. మీరు పైకి వెళ్ళినా సరే, వెళ్ళకపోయినా సరే. నాకు ఇప్పుడు ఒక పేరుంది. సెలూన్ మీద ఎర్రటి అక్షరాలతో రాయించాను, చర్చి మెట్ల మీది నుంచి చదవొచ్చు. పోర్తోసాల్వోలో నన్నేమనేవాళ్ళో ఈ ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. తెలియనివ్వకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, వయసులో పెద్దవాణ్ణి అయినా.

జూన్‌లో ఆఖరి ఆట మీకూ మాకూ ఇక్కడే. ('మాకూ' అని రాసింది కొట్టేద్దామనుకున్నాను, ఉంచేశాను.) వస్తే ఆట ముందు మా ఇంట్లో భోజనం చెయ్యి. గ్యాలరీలో మాత్రం నన్ను ఎరగనట్టు ఉండు.

ఎర్మీనియో

---

పోర్తోసాల్వో
16 మే 1989

బావా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. అమ్మ ఏమందో తెలుసా? "అల్లుడు అలిగాడురా," అంది. కరెక్టుగా పట్టేసింది. పెళ్ళినాడు కూడా ఇంతే కదా, 'నాకు గడియారం వద్దు, వద్దు' అని మూతి ముడుచుకు కూర్చుని, పెట్టగానే చేతికి కట్టుకుని ఊరంతా తిరిగావు. ఇప్పుడూ 'నా పేరు పలకొద్దు, పలకొద్దు' అంటున్నావు. నాకు అర్థం కాదనుకున్నావా? శాలువాని ఉప్పునీళ్ళలో వేసినందుకు అమ్మకీ బాధగానే ఉంది. ముసలావిడ, ఏం చేస్తాం.

ఈ మధ్య నీ ప్రేమ బాగా పనిచేస్తోంది. మార్చి నుంచి మీవాళ్ళు కుంటుతున్నారు, తొమ్మిదో నంబరువాడి మోకాలు వాచిందట. ఆ వార్త విన్నరోజు మేస్త్రికి దండ వేశాం. ఇప్పుడు మీకూ మాకూ ఒక్క పాయింటు తేడా. ఆఖరి ఆటలో మేం గెలిస్తే పైకి వెళ్ళేది మేమే.

నాలుగు బస్సులు మాట్లాడాం. భోజనానికి రాలేను, గ్యాలరీకి ముందే చేరి కొన్ని ఏర్పాట్లు చూసుకోవాలి. ఏం ఏర్పాట్లని అడక్కు. అమ్మ నెల రోజులుగా పాత దుప్పట్లు కలిపి కుడుతోంది, ఇల్లంతా దారాలే. నీ అలక తీర్చకపోతే నేను నీ బావమరిదినే కాదు.

సవేరియో

---

పోర్తోసాల్వో
5 జూన్ 1989

ఎర్మీనియో బావా! ఎర్మీనియో! ఎర్మీనియో!

చూశావా, తాళంచెవి లేకుండా రాస్తున్నాను. గొంతు పోయింది, చేతులు పనిచేస్తున్నాయి. ఒకటి సున్నా! ఎనభై మూడో నిమిషం! ఆ ఉత్తరాది సోగ్గాడి తలకి తగిలి బంతి ఎలా వెళ్ళిందో వాడికే తెలియదు. వెళ్ళింది, అంతే. మనం పైకి వెళ్ళాం బావా!

మాట నిలబెట్టుకున్నానా లేదా? ఆట అయిపోగానే మేం పైకెత్తిన బట్ట, అమ్మ దుప్పట్లతో కుట్టింది, చూశావుగా. ఇరవై మీటర్లు! ఒక్కో అక్షరం మనిషెత్తు. 'ఎర్మీనియో లోప్రేస్తి, వాళ్ళ మధ్య కూర్చుని మా పని చేసిపెట్టావు, పోర్తోసాల్వో నీకు రుణపడింది.' ఆ మాటలు నావే. రంగు తూరీ వేశాడు, స్వయంగా తూరీ! నేను బెంచీ ఎక్కి మైకులో నీ పేరు అందుకోగానే నాలుగు బస్సుల జనం ఒక్క గొంతుతో అరిచింది. ఒక్కడు కూడా జేబులో చెయ్యి పెట్టలేదు, నేను చూశాను. మీ గ్యాలరీ నోరు తెరుచుకుని మమ్మల్ని చూసింది, తర్వాత తలలు తిప్పి నిన్ను చూసింది. నీ పక్కన ఉన్న ఆ లావుపాటాయనేనా దొనాతో? ఆయన కొంచెం పక్కకి జరిగి నీకు చోటిచ్చాడు, నీ గొప్పతనం చూసి.

నువ్వు లేచి వెళ్ళిపోవడం కనిపించింది. మొహం చేతుల్లో పెట్టుకున్నావు. "మా బావ ఏడుస్తున్నాడర్రా," అన్నాను, అందరం ఏడ్చాం.

పొద్దున పేపర్లో మన బట్ట ఫోటో పడింది. పేరు స్పష్టంగా వచ్చింది. అమ్మ కత్తిరించి దేవుడి పటం పక్కన పెట్టుకుంది. ఇంక ఇంటికి వచ్చెయ్యండి. నువ్వు మా వాడివి. ఈ ఆదివారం ఓడరేవులో విందు, నీ కుర్చీ నా పక్కన.

నీ బావమరిది,
సవేరియో

---

రోకాస్పినా
14 జూన్ 1989

సవేరియో,

మీ విందుకి రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాను.

నువ్వు ద్రోహం చేశావని రాయడానికి కూర్చున్నాను. పది రోజులుగా నీ మీద కోపం కూడగట్టుకుంటున్నాను, అది చాలడం లేదు. నువ్వు నిజంగానే నాకు బహుమానం ఇచ్చాననుకుంటున్నావు. నేను ఏడ్చింది సంతోషంతోనేనని నీ నమ్మకం. నిన్ను తిట్టి లాభమేమిటి? నా ఉత్తరం చదివి అలక అనుకున్నవాడికి ఈ ఉత్తరం ఏమర్థమవుతుంది?

జరిగింది మాత్రం చెప్తాను. పేపరు ఇక్కడికి కూడా వస్తుంది, ఫోటో కింద 'పేరులేనాయన' కథంతా వేశారు. సోమవారం దొనాతో కొట్టుకి వెళ్ళాను. ఆయన కోప్పడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. అదే జరిగితే బాగుండేది, వివరంగా చెప్పుకునేవాణ్ణి, మొదట్లో దొంగచప్పట్లేనని, తర్వాతవి కావని. ఆయన రొట్టె కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాడు. "తీసుకెళ్ళండి," అన్నాడు. రెండో చెయ్యి ఏప్రన్ జేబులో ఉంది. తాళంచెవుల చప్పుడు వినపడింది నాకు.

తొమ్మిదో నంబరు కుర్రాడు వీధికి అవతలి పక్క నుంచి నడుస్తున్నాడు, కుంటుకుంటూ. వాడి మోకాలికి కారణం నేనేనని వాళ్ళమ్మ బజార్లో అందరికీ చెబుతోంది. శనివారం రెండు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. అద్దం తుడిచి కూర్చున్నాను. సాయంత్రం ఎవరో సెలూన్ బోర్డు మీద నా పేరుకి సున్నం పూశారు. కోపంతో కాదు, గీతలు తిన్నగా, అంచులదాకా, జాగ్రత్తగా పూశారు.

ఇమ్మా ఇదంతా పట్టించుకోవద్దంటుంది. ఇంకో ఊరు వెళ్దామంటుంది. ధైర్యం చెబుతుంది. పెళ్ళైన రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి, వీధి చివర ఉన్నా బాల్కనీలోంచి కేకేసి పిలిచే మనిషి. నిన్న రాత్రి సూప్ బల్ల మీద పెట్టి, నన్ను పిలవడానికి నోరు తెరిచింది. ఒక్క క్షణం ఆగింది. నేను గుమ్మంలోనే ఉన్నాను, ఆమె చూడలేదు.

"ఇదిగో, నిన్నే, చల్లారిపోతోంది," అంది.

వెళ్ళి కూర్చుని తిన్నాను.

ఎర్మీనియో